అతుకుల బొంత... బతుకంత!

నాలుగు పాత చీరలు, సూదీ దారం, కాస్త ఖాళీ దొరికిన మధ్యాహ్నం. అనంతపురం పల్లెల్లో తరాల తరబడి చలికి ఇదే మందు. ఇప్పుడా చీరలూ లేవు, ఆ మధ్యాహ్నాలూ లేవు. అయినా పొరుగునే ఉన్న బళ్లారి జిల్లాలో అలాంటి సూదిపనే గిన్నిస్ రికార్డుకెక్కింది. ఇక్కడ అటకెక్కింది అక్కడ అందలమెలా ఎక్కింది?

ఎన్నికలొస్తే చాలు, ఎదుటి కూటమిని తిట్టడానికి నాయకులకు చటుక్కున దొరికే మాట 'అతుకుల బొంత'. కథ అతకని సినిమాకు సమీక్షకులిచ్చే బిరుదూ అదే. ఇంత చెడ్డపేరు మోస్తున్న బొంతను ఒక్కసారి చేత్తో తడిమి చూసినవాళ్లు మాత్రం ఆ మాట అనడానికి కాస్త జంకుతారు. ఎందుకంటే మంచి బొంతలో ఊడిపోయే అతుకంటూ ఉండదు. చీర నలిగి పీలికలైనా కుట్టు మాత్రం పట్టిన పట్టు వదలదు.

ఒకప్పుడు అనంతపురం జిల్లాలో బొంత లేని ఇల్లు లేదు. పగలు నిప్పులు చెరిగే ఈ పీఠభూమిలో పుష్యమాసపు రాత్రులు వణికిస్తాయి. డిసెంబరు, జనవరుల్లో ఉష్ణోగ్రత పదిహేను డిగ్రీల కిందికి దిగే రోజులుంటాయి. గొర్రెల కాపరికైతే కురుబలు నేసిన కంబళి ఉంది. మిగతా ఇంటిల్లిపాదికీ బొంతే దిక్కు. కింద పరిస్తే పరుపు, మీద కప్పుకుంటే రగ్గు, మడిచి తలకింద పెట్టుకుంటే దిండు. బాలింత పక్కన పసిబిడ్డకు పొత్తిలి. వానల్లేక ఊరు విడిచి బెంగళూరు బస్సెక్కే కుటుంబానికి గిన్నెల మూట చుట్టుకునే గుడ్డ కూడా అదే.

ఈ ప్రాంతపు సగటు వర్షపాతం ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే. అదీ పడితే! వానను నమ్ముకోలేని చోట దేన్నీ ఊరికే పారేయరు. శనక్కాయ కట్టె పశువుల మేతకు, కాయ పొట్టు పొయ్యిలోకి. ఇక చిరిగిన చీర సంగతి చెప్పాలా? కట్టినన్నాళ్లు కట్టి, ఉయ్యాలగా మార్చి, చివరికి బొంతలోకి చేరుస్తారు.

పదమూడు వేల టాకాలు

బొంతకు ముహూర్తం అక్కర్లేదుగానీ కాలమంటూ ఒకటుంది. శనక్కాయ కోతలయ్యి, కాయ అమ్ముడుపోయి, మళ్లీ విత్తనపు కాయలు ఒలిచే పని మొదలయ్యేలోపు దొరికే వేసవి మధ్యాహ్నాలే ఆ కాలం. సంగటి తిని, గిన్నెలు కడిగేశాక వేపచెట్టు నీడకో వసారాలోకో చేరతారు. ఒక ఇంటి బొంతకు నలుగురిళ్ల ఆడవాళ్లు కూర్చుంటారు. రేపు మరో ఇంటి బొంతకు వీళ్లు వెళతారు. కూలి లేదు, బదులుకు బదులు.

ముందు మూట విప్పుతారు. ఏడాదంతా దాచిన చీరలు, పంచెలు, లంగాలు, చొక్కాలు. వాటిని ఉతికి, గంజి పోయేదాకా జాడించి ఎండేస్తారు. గంజి మిగిలితే సూది దిగదు. పైగా ఎలుకలకు విందు. ఆ తర్వాత మొదలవుతుంది అసలు పంచాయితీ... ఏది పైకి, ఏది లోపలికి? బాగా నలిగి జల్లెడలా మారిన చీర నడిమి పొరకు పోతుంది. ఇంకా గట్టిగా ఉన్నది కిందికి. రంగు నిలిచినది పైకి. చిరుగులున్న చోట చొక్కా ముక్కనో రవిక ముక్కనో నలుపలకగానో మూడు మూలలుగానో కత్తిరించి వేస్తారు. ఫ్యాషన్ కాలేజీల్లో ఫీజు కట్టి నేర్చుకునే ప్యాచ్‌వర్క్, అప్లిక్ ఇవే. ముక్కను ముక్కకు జోడించి కుడితే ప్యాచ్‌వర్క్. గుడ్డ మీద గుడ్డ వేసి, అంచు లోపలికి మడిచి కుడితే అప్లిక్. పల్లెలో రెండింటికీ ఒకటే పేరు, అతుకు.

కొలతకు టేపుండదు. చీరే కొలబద్ద. అయిదున్నర మీటర్ల చీరను మధ్యకు మడిస్తే తొమ్మిది అడుగుల పొడవు, నాలుగడుగులకు కాస్త తక్కువ వెడల్పు వస్తుంది. అలాంటివి మూడు ఒకదానిమీద ఒకటి పరిస్తే ఆరు పొరలు. ఒక మనిషికి బొంత సిద్ధమైనట్టే. ఇద్దరికి కావాలంటే రెండు వెడల్పులు కలిపి కుట్టుకోవాలి.

అలికిన నేల మీద చీరలు పరిచి నాలుగు మూలలా బరువులు పెడతారు. రాయో, చెంబో, రోకలో ఏది అందుబాటులో ఉంటే అది. అరచేత్తో మధ్య నుంచి అంచులకు నిమురుతూ ముడతలు తీస్తారు. పెద్ద పెద్ద టాకాలు వేసి పొరలు కదలకుండా బిగిస్తారు. ఇక అసలు కుట్టు. అంచు దగ్గర మొదలై, చుట్టూ తిరుగుతూ, ఒక్కో వరుసా లోపలికి జరుగుతూ నడిమధ్యలో ముగుస్తుంది. కొందరు ఆ చివరి నుంచి ఈ చివరికి నాగలి చాళ్లలా సాలుసాలుగా కుడతారు. రెండు వరుసల మధ్య ఎడం వేలి వెడల్పు.

అంత దగ్గరగా ఎందుకంటే దానికో లెక్క ఉంది. చలిని ఆపేది గుడ్డ ఒక్కటే కాదు, పొరల మధ్య చిక్కుకున్న గాలి కూడా. వరుసలు ఎడమైతే లోపలి చీర ఉతుకులో ఒకచోటికి ఉండ చుట్టుకుపోతుంది. వరుసలు దగ్గరగా ఉంటే పొరలన్నీ ఒకే గుడ్డలా నడుస్తాయి. ఎక్కడైనా చిరుగు పడినా పక్క వరుస దగ్గర ఆగిపోతుంది. నడిమి చీర పూర్తిగా నలిగిపోయినా బొంత నిలబడుతోందంటే కారణం అదే.

ఇప్పుడు సరదాగా గుణించి చూడండి. తొమ్మిది అడుగుల పొడవు, నాలుగడుగులకు మూడంగుళాలు తక్కువ వెడల్పు. ముప్పావు అంగుళానికో వరుస చొప్పున కుడితే మొత్తం కుట్టు పొడవు 540 అడుగులు. అర అంగుళానికో టాకా అనుకుంటే దాదాపు 13 వేల టాకాలు! నిమిషానికి ఆరు వేసినా 36 గంటల పని. రోజుకు రెండు గంటలు కూర్చుంటే పద్దెనిమిది మధ్యాహ్నాలు. ఈ లెక్కతో మళ్లీ పనుంది, గుర్తుపెట్టుకోండి.

ఎద్దుల వీపు మీది బొంత

'గంతకు తగ్గ బొంత' అని సామెత. గంత అంటే బరువు మోసే పశువు వీపున వేసేది. ఇప్పుడు ఈడూ జోడూ గురించి వెటకారానికి వాడుతున్నాంగానీ, ఆ మాట సరుకులు మోసే పశువులను గుర్తుచేస్తుంది. అనంతపురం సీమలో సరుకెద్దుల మాటొస్తే సుగాలీ తండాల దాకా వెళ్లాల్సిందే.

రైళ్లు లేని రోజుల్లో ఉప్పు, ధాన్యం ఎద్దుల మీద వేసి దక్కనంతా తిప్పింది సుగాలీలే. లంబాడీలన్నా, బంజారాలన్నా వీళ్లే. మొగలుల సైన్యాలు దక్షిణాదికి వచ్చినప్పుడూ, 1791-92లో కారన్‌వాలిస్ టిప్పు సుల్తాన్ మీదికి వెళ్లినప్పుడూ సైన్యాలకు తిండిగింజలు అందించింది బంజారా ఎద్దుల బారులే. దేశమంతటా ఉన్న బంజారాలు కొలిచే సేవాలాల్ మహరాజ్ పుట్టిందీ ఈ జిల్లాలోనేనని ఇక్కడివాళ్లు చెబుతారు. గుత్తి దగ్గర ఆయన పేరున వెలసిన సేవాగఢ్‌కు ఇతర రాష్ట్రాల నుంచీ భక్తులు వస్తారు. ఆయన జయంతి ఫిబ్రవరి 15.

బొంబాయి నుంచి మద్రాసుకు గుత్తి మీదుగా రైలుమార్గం పూర్తయింది 1871లో. ఎద్దు మోసే బరువు బోగీలోకెక్కింది. అదే ఏడాది బ్రిటిషు ప్రభుత్వం నేరస్థ తెగల చట్టం తెచ్చింది. 1911లో దాన్ని మద్రాసు రాష్ట్రానికీ వర్తింపజేశారు. సంచారమే నేరమన్నట్టు చూసిన ఆ చట్టం రద్దయ్యేసరికి 1952 వచ్చింది. తిరిగే బతుకు ఆగింది, తండాలు వెలిశాయి. కానీ చేతిలో సూది మాత్రం ఆగలేదు.

ఆగకపోవడానికి కారణం ఉంది. తిరిగే మనిషికి గోడలుండవు, అలమరలుండవు. ఇల్లంటే గుడ్డే. డబ్బులకు సంచి, వక్కాకుకు సంచి, బిందె కింద పెట్టుకునే గవ్వల చుట్టకుదురు, పెళ్లిలో ఇచ్చే అలంకారపు గుడ్డ... అన్నీ సూదితో పుట్టినవే. ఫేటియా అనే లంగా, కాంచళి అనే రవిక సంగతి అందరికీ తెలిసిందే. ఎరుపు, నీలం, పసుపు ముక్కలు కలిపి, అద్దాలు పొదిగి, గవ్వలు, పూసలు, నాణేలు కుట్టి... ఒక్కో గుడ్డా ఒక్కో ఆస్తి పత్రంలా ఉంటుంది. కీలన్, వేలే, బఖియా, మాకి, రేలో అంటూ సండూరు లంబాడీ ఎంబ్రాయిడరీలో పద్నాలుగు రకాల కుట్లు లెక్కచెబుతారు. కెనడాకు చెందిన చార్లెట్ క్వాన్, టిమ్ మెక్‌లాఫ్లిన్ 2016లో బంజారాల వస్త్రాల మీద ఏకంగా ఓ పెద్ద పుస్తకమే వేశారు.

రైతు ఇంటి బొంతకూ తండా సంచికీ తేడా ఏమిటంటే, ఒకదానిలో కుట్టు పొరల్ని పట్టి ఉంచుతుంది, రెండోదానిలో ఆ పని చేస్తూనే కంటికీ కనబడాలనుకుంటుంది. అడుగున ఉన్న విద్య మాత్రం ఒకటే. గుడ్డలను పొరలుగా పరచడం, ముక్కలు అతకడం, సూదితో బిగించడం.

కంథ నుంచి కౌది దాకా

ఇది మన ఒక్కరి సొత్తేం కాదు. సంస్కృతంలో బొంతను కంథ అంటారు. బెంగాలీల కాంథా దాని బిడ్డే. పాత చీర అంచుల్లోంచి లాగిన రంగు దారాలతోనే అక్కడి ఆడవాళ్లు చేపలు, తామరలు, రథాలు కుట్టేవారు. బీహారులో సుజని, మహారాష్ట్రలో గోధడి, సింధు రాజస్థాన్ వైపు రల్లి, కన్నడంలో కౌది. బౌద్ధ భిక్షువుల చీవరం కూడా ముక్కలు కలిపి కుట్టిందే. మగధ వరి మళ్లు, వాటి గట్లను చూపించి బుద్ధుడు ఆనందుణ్ని అలాగే కుట్టమన్నాడని వినయపిటకం చెబుతుంది.

ఉత్తర కన్నడ అడవుల్లో సిద్ధీలనే ఆఫ్రికా సంతతివాళ్లున్నారు. వాళ్ల బొంతల్లో ఒక ముచ్చట ఉంది. కుట్టడం అంచు నుంచే మొదలుపెట్టి లోపలికి వస్తారు, సరిగ్గా మనలాగే. చివర్లో నాలుగు మూలలా గుడ్డను మడిచి చిన్న త్రికోణాలు కుడతారు. వాటిని పువ్వులంటారు. అవి లేకపోతే బొంత ఒంటిమీద బట్ట లేనట్టేనట!

చీర మారింది, చలి మారలేదు

మరి మన బొంత ఎక్కడ ఆగింది? కారణాలు వెతుకుతూ దూరం పోనక్కర్లేదు. చీరల బీరువా తెరిస్తే చాలు.

బొంతకు నూలు చీర కావాలి. నూలు నలిగేకొద్దీ మెత్తబడుతుంది, చెమట పీలుస్తుంది, సూదికి లొంగుతుంది. ఎనభైల్లో ప్రభుత్వం సగం ధరకు ఇచ్చిన జనతా చీరలు, పంచెలు కట్టినన్నాళ్లు కట్టగా చివరికి బొంతల్లోకే చేరాయి. ఆ తర్వాత పాలిస్టర్ వచ్చింది. ఉతకడం తేలిక, ఇస్త్రీ అక్కర్లేదు, నీళ్లు తక్కువ పడతాయి. నీటి కరువున్న చోట ఆడవాళ్లు ఆ చీరను ఎంచుకోవడం తప్పెలా అవుతుంది? కానీ ఆ చీర చిరగదు, మెత్తబడదు. పొరలుగా పరిస్తే ఒకదానిమీద ఒకటి జారిపోతుంది. కప్పుకుంటే చెమట, పొయ్యి దగ్గర పెడితే భయం. పట్టుచీరలకు దేశమంతా పేరు తెచ్చుకున్న ధర్మవరం చుట్టుపక్కల పల్లెల్లోనే బొంతకు పనికొచ్చే పాత నూలు చీర వెతుక్కోవాల్సి రావడం చిత్రమే. రాయదుర్గం వైపు జీన్స్ కుట్టే యూనిట్లున్నాయి, ముక్కలకు కొదవలేదు. అయితే ఆ మందం గుడ్డను ఆరు పొరలు వేస్తే గోనెసంచి కుట్టే దబ్బనం కూడా మొరాయిస్తుంది.

రెండో దెబ్బ రగ్గులది. హర్యానాలోని పానిపట్‌లో ఒక వింత పరిశ్రమ ఉంది. విదేశాలు వదిలేసిన పాత ఉన్ని బట్టలు ఓడల్లో వచ్చి అక్కడికి చేరతాయి. వాటిని రంగులవారీగా వేరుచేసి, యంత్రాల్లో వేసి పీచుగా చీల్చి, మళ్లీ దారం తీసి కంబళ్లు నేస్తారు. వరదలు, తుపాన్లు వచ్చినప్పుడు పంచిపెట్టే కంబళ్లలో ఎన్నో అక్కడివే. ఒకవిధంగా అదీ పాతబట్టల బొంతే. కాకపోతే ఎవరి చీరో తెలియదు. తర్వాత్తర్వాత ఆ చవక కంబళ్లనే పాలిస్టర్ మింక్ బ్లాంకెట్లు వెనక్కి నెట్టాయి. పులిబొమ్మ, గులాబీల బొమ్మలతో రోడ్డుపక్క పోగులు పోసి అమ్మేవి ఇవే. కొన్ని వందల రూపాయలకు దొరుకుతుంటే పద్దెనిమిది మధ్యాహ్నాలు ఎవరు ఖర్చుపెడతారు?

అసలు మధ్యాహ్నాలే లేవు. బోర్లు ఎండి, శనగ చేలు ఎండి, పనికోసం కుటుంబాలు ఏడాదిలో సగం రోజులు బెంగళూరు భవనాల దగ్గరో కేరళలోనో గడపాల్సి వస్తే వేపచెట్టు కింద కూర్చునేదెవరు? ఊళ్లో మిగిలిన పెద్దవాళ్లకు సూదిలో దారం ఎక్కించే చూపు లేదు. తండాల్లోనూ అంతే. ఫేటియా కట్టేది పెద్దవాళ్లే. పిల్లలు చుడీదార్లు, చీరలకు మారిపోయారు. అమ్మమ్మల పాత కాంచళులు, గవ్వల గుడ్డలు వ్యాపారులకు అమ్ముడుపోయి, ముక్కలుగా కత్తిరించిన సంచులు, దిండుగలేబులై హంపీలోనూ గోవాలోని అంజునా సంతలోనూ విదేశీయుల భుజాలకెక్కాయి. ఒక్కో ముక్క వెనక ఎన్ని రాత్రుల కుట్టుందో కొన్నవాళ్లకు తెలియదు. అమ్మినవాళ్లకు దక్కింది ఎంతో చెప్పుకోదగ్గది కాదు.

టాకాకు ధర కడితే...

2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా నార్పల మండలం బండ్లపల్లికి దేశ ప్రధాని వచ్చారు. జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకం మొదలైంది అక్కడే. మట్టి తవ్వితే కొలతలు తీసి కూలి ఇచ్చారు. ఎన్ని ఘనపు మీటర్లు తవ్వారో పుస్తకంలో రాసుకున్నారు. పల్లె ఆడవాళ్ల చెమటకు సర్కారు కొలత దొరకడం చిన్న విషయమేం కాదు. అదే చేయి సూది పట్టుకుంటే మాత్రం కొలతా లేదు, కూలీ లేదు. అది 'ఇంటిపని' కదా మరి!

ఇందాకటి లెక్క ఇప్పుడు బయటకు తీయండి. 36 గంటలంటే రోజుకు ఎనిమిది గంటల చొప్పున నాలుగున్నర రోజులు. 2024-25లో ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి కూలి రోజుకు 300 రూపాయలు. ఆ ధరనే కట్టినా ఒక్క బొంత కుట్టుకూలి 1350 రూపాయలు. గుడ్డ, దారం, ఉతుకు దీనికి అదనం. చేతి బొంత ఖరీదెక్కువని మొహం చిట్లించేవాళ్లు ఈ సంఖ్యను ఒకసారి చూడాలి. ఇన్నాళ్లూ అది చవగ్గా కనిపించిందంటే, ఎవరూ కూలి అడగలేదు కాబట్టి.

కూలి ఇచ్చినచోట ఏం జరిగిందో చూడాలంటే రాయదుర్గం దాటి బళ్లారి జిల్లాలోకి వెళ్లాలి. 1882 వరకు అనంతపురం కూడా ఆ జిల్లాలో భాగమే. అక్కడి సండూరులో ఎనభైల్లో మొదలైంది సండూరు కుశల కళా కేంద్రం. లంబాడీ ఆడవాళ్లు కుట్టి ఇస్తే అమ్మకం, డిజైన్ల సంగతి కేంద్రం చూసుకుంటుంది. సండూరు లంబాడీ ఎంబ్రాయిడరీకి జీఐ గుర్తింపు కూడా వచ్చింది. 2023 జులైలో హంపీలో జీ-20 సాంస్కృతిక బృందం సమావేశమైనప్పుడు 450 మందికి పైగా లంబాడీ మహిళలు కుట్టిన 1755 ప్యాచ్‌వర్క్ ముక్కలను ప్రదర్శనకు పెట్టారు. లంబాడీ వస్తువుల అతిపెద్ద ప్రదర్శనగా గిన్నిస్ వాళ్లు రాసుకున్నారు. అనంతపురం తండాల్లో ఉన్నదీ ఇదే సూదిపని, మధ్యలో ఉన్నదల్లా రాష్ట్ర సరిహద్దు. మనవైపు ఆ పేరుతో ఓ గట్టి ముద్ర, ఓ స్థిరమైన అంగడి లేకపోవడమే వెలితి.

అలాగని ప్రయత్నాలే లేవనడం అన్యాయం. విన్సెంట్ ఫెర్రర్ 1969లో అనంతపురంలో మొదలుపెట్టిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు వికలాంగ మహిళలకు వర్క్‌షాపులు పెట్టి ఎంబ్రాయిడరీ, జనపనార పనులు నేర్పింది. వాళ్ల చేతి వస్తువులు స్పెయిన్ దాకా వెళ్లి అమ్ముడుపోయాయి. ఇంట్లో ఓ మూల కూర్చోవాల్సిన అమ్మాయి సూదితో నెలజీతం తెచ్చుకోవడం అంటే ఆ ఇంట్లో ఆమె మాటకు వచ్చే విలువే వేరు.

అయితే పేరొస్తే డబ్బూ దానంతటదే వస్తుందనుకోవడానికీ లేదు. అమెరికాలోని అలబామా రాష్ట్రంలో జీస్ బెండ్ అని మారుమూల ఊరు. బానిసలుగా పత్తి పండించినవారి వారసులుండేది అక్కడ. చలి తట్టుకోవడానికి పాత పనిబట్టలు, పిండి సంచుల గుడ్డలతో బొంతలు కుట్టుకునేవారు అక్కడి ఆడవాళ్లు. 1966లో సహకార సంఘం పెట్టుకున్నారు. 2002లో హ్యూస్టన్ మ్యూజియంలో ఆ బొంతలను గోడకు వేలాడదీస్తే కళావిమర్శకులు ఆహా అన్నారు. 2006లో అమెరికా తపాలా శాఖ వాటి బొమ్మలతో స్టాంపులే వేసింది. సరిగ్గా మరుసటి ఏడాది కొందరు బొంతలు కుట్టినవాళ్లు తమకు దక్కాల్సింది దక్కలేదంటూ కోర్టుకెక్కారు. 2008లో ఆ వివాదం ముగిసింది. బొంత మ్యూజియం గోడ దాకా వెళ్లినా కుట్టిన చేతికి ఎంత ముట్టిందన్న ప్రశ్న వెంటే వెళ్లిందన్నమాట.

ఇంట్లో కుట్టాలనుంటే

ఈ వేసవిలో పిల్లలకు సెలవులిచ్చాక ఓ బొంత ప్రయత్నించి చూడొచ్చు. మొదటిసారే పెద్దదానికి దిగొద్దు, సగంలో మంచం కిందికి పోతుంది. పసిబిడ్డ బొంతతో మొదలుపెడితే మేలు. మెత్తబడిన ఒక్క నూలు చీర చాలు. అడ్డంగా 75 సెంటీమీటర్ల చొప్పున కత్తిరిస్తే ఏడు ముక్కలొస్తాయి. నాలుగు పొరలతో చలికాలానికి ఒకటి, మూడు పొరలతో వేసవికి మరొకటి. ఒకే చీరకు ఇద్దరు వారసులు!

చీర రంగు వదిలేదైతే ముందే ఉప్పునీళ్లలో నానబెట్టి, రంగు పోవడం ఆగేదాకా జాడించాలి. జరీ అంచు ఉంటే తీసేయాలి, బిడ్డ ఒంటికి గుచ్చుకుంటుంది. అదే కారణంగా అద్దాలు, పూసలు, గవ్వలు పసివాళ్ల బొంతకు అసలు వద్దు. దారం నూలుదే వాడాలి, రెండు పోగులు. ఒకేసారి మోచేతి పొడవుకు మించి సూదికి ఎక్కించొద్దు, చిక్కుపడుతుంది. ముడి పైకి కనబడకుండా పొరల మధ్యకు లాగేయాలి. దారం మరీ బిగించి లాగితే బొంత అప్పడంలా ముడుచుకుంటుంది, వదులైతే బిడ్డ వేళ్లు ఇరుక్కుంటాయి. మొదటి రెండు వరుసలు వంకరపోతాయి, పోనివ్వండి. వంకర కుట్టే తర్వాత ఎవరు కుట్టారో గుర్తుచేస్తుంది.

ఉతకడం మాత్రం కాస్త కష్టమే. తడిసిన పెద్ద బొంతను ఎత్తాలంటే ఇద్దరుండాలి. అందుకే పల్లెల్లో పండగ ముందు చెరువుకో బావికో మోసుకెళ్లి, బండ మీద బాది, రెండు చివర్లా చెరొకరు పట్టుకుని పిండేవారు. చెరువులో నీళ్లు లేని ఏడాది బొంతలకు ఉతుకూ లేదు. మిద్దె మీద ఎండలో పడేసి తిరగేసి మరగేసి, నల్లులు పోయేలా దులిపి, మళ్లీ లోపలికి తెచ్చుకునేవారు.

పాతబడ్డ బొంతను ఇంట్లో ఎవరూ బయట పడేసేవారు కాదు. పై చీర పీలికలైతే దానిమీదే మరో చీర పరిచి, మళ్లీ అంచు నుంచి కుట్టుకుంటూ పోయేవారు. అలా అమ్మ బొంత మీద కూతురి చీర, దానిమీద మనవరాలి చీర చేరేవి. ప్రతి పదేళ్లకూ కాస్త మందం, కాస్త బరువు పెరిగేది. ఏ చలిరాత్రో పిల్లలు కాళ్లతో తన్నితే ఓ మూల పై పొర చిరిగి, లోపలి నుంచి ఎప్పటిదో ఆకుపచ్చ నూలు చీర అంచు బయటపడుతుంది. అది ఎవరిదో చెప్పడానికి ఇంట్లో పెద్దామె కళ్లజోడు వెతుక్కుంటుంది.